లేని పైపులో నీళ్ళు

నీళ్ళ ఆఫీసులో ఆయనకొక పేరుంది, కానీ అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా బతకలేదు. పై అధికారులకు ఆయన ‘చెవి’. సందుల్లో జనానికి చెవిమామ. కట్టుకున్న భార్య కూడా ఎప్పుడైనా కోపం వస్తే ‘ఊరందరి గొట్టాలూ వింటారు, ఇంట్లో నా మాట తప్ప’ అనేది.

ఆయన పని భూమిలో పైపు ఎక్కడ కారుతోందో పైనుంచే చెప్పడం. అందుకు ఒక ఐదడుగుల ఇనుప కడ్డీ ఉండేది. ఒక కొస మొనదేలి, రెండో కొసకు గుప్పెడంత చెక్క గిన్నె బిగించి ఉండేది. మొన నేలకు ఆనించి, గిన్నెకు చెవి పెట్టి, కళ్ళు మూసుకునేవాడు. ఆయన వింటున్నంతసేపూ సందులో సైకిళ్ళు ఆగేవి, పిల్లలు నోళ్ళు మూసుకునేవాళ్ళు. కాసేపటికి లేచి ‘ఇక్కడ, నాలుగడుగుల లోతున, జాయింటు’ అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళలో రెండుసార్లు తప్పాడు. ఆ రెండూ ఎవరూ అడక్కుండానే తనే చెప్పుకునేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. పన్నెండేళ్ళప్పుడు సరదాకి గిన్నెకు చెవి పెట్టి, బడిగోడ కింద తండ్రికి దొరకని కారుడు పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆయన ఆ పిల్లకు చప్పుళ్ళు నేర్పాడు. పగిలిన పైపు బుసకొడుతుంది. జాయింటు కారితే నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టుంటుంది. నిండుగా పారే పైపు మాత్రం పెద్దగా మాట్లాడదు, కడుపు నిండినవాడిలా లోపల్లోపల గురక పెడుతుంది. ఆడపిల్ల చేతికి కడ్డీ ఏమిటని నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ నలుగురి ఇళ్ళ ముందూ కారుళ్ళు ఆమే పట్టాక మానేశారు. ఇప్పుడామెకు ఇరవై నాలుగేళ్ళు. ఆఫీసులోనే వాల్వులు తిప్పే తాత్కాలికపు పని. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిందే.

ఆయన రిటైరవడానికి ఐదు నెలలుంది. తన కడ్డీ కూతురి చేతికి రావాలని ఆయనకు ఒక్కటే కోరిక. కానీ ఆ ఆఫీసులో ఉద్యోగాలు ఖాళీ అవవు. ఖాళీ కాకముందే, బస్సు సీటు మీద కిటికీలోంచి వేసినట్టు, ఎవరిదో తువ్వాలు పడి ఉంటుంది. ఎవరి తువ్వాలు ఎక్కడ పడాలో నిర్ణయించేది ఆ వార్డు కౌన్సిలర్. ఆయన్ని అందరూ అన్న అనేవాళ్ళు. అన్నకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన చెవిమామ కూడా అన్నా అనే పిలిచేవాడు. అన్న భార్యకు ఒక తమ్ముడున్నాడు, కాంట్రాక్టరు. అన్నకు బామ్మర్ది కాబట్టి ఊరంతటికీ బామ్మర్దే అయ్యాడు. రోడ్డయినా, కాలవైనా, పైపైనా, టెండరు ఎవరు వేసినా పని బామ్మర్దిదే.

ఆ వేసవిలో మిల్లుగోడ సందుకు కొత్త పైపు లైను మంజూరైంది. ఒక పక్క మూతపడ్డ మిల్లు గోడ, రెండో పక్క అరవై మూడు ఇళ్ళు, మధ్యన నాలుగు వందల గజాల దారి. లారీలో అరవై ఏడు పైపులు వచ్చాయి. బామ్మర్ది మనుషులు సందు పొడవునా కందకం తవ్వి, జనం కళ్ళారా చూడాలని నాలుగు రోజులు తెరిచే ఉంచారు. ఈ చివర మూడు పైపులు దించారు, ఆ చివర మూడు దించారు. తర్వాత ఒక మధ్యాహ్నం, ఎండకు అందరూ తలుపులు వేసుకున్న వేళ, మొత్తం పూడ్చేశారు. మిగతా పైపులు వచ్చిన లారీలోనే వెళ్ళాయి. ఈ సంగతి ఆఫీసులో గోడలకు కూడా తెలుసు.

అయితే ఆ ఊళ్ళో ఒక పాత నియమం ఉంది. కొత్త లైను వేస్తే అందులోకి నీళ్ళు వదిలి, తొమ్మిది చోట్ల కడ్డీ ఆనించి విని, నీళ్ళు పారుతున్నాయని, ఎక్కడా కారడం లేదని వినేవాడు రాసివ్వాలి. దాన్ని వినికిడి కాగితం అంటారు. ఇంజనీరు సంతకం లేకపోయినా బిల్లు పాసైన రోజులున్నాయి గానీ, వినికిడి కాగితం లేకుండా పాసైన రోజు లేదు.

అన్న కబురు పెట్టాడు. చెవిమామ వెళ్ళేసరికి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. పైపు మాటే ఎత్తలేదు. ఇంటి సంగతులు, మోకాళ్ళ నొప్పులు అడిగాడు. చివర్లో లేస్తూ అన్నాడు.

“మీ అమ్మాయి చెవి నీ చెవికన్నా మంచిదంటగా మామా. అలాంటి చెవి ఊరికే పోకూడదు.”

చెవిమామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సందుకెళ్ళి విను. నీకేం వినిపిస్తే అదే రాయి. అబద్ధం రాయమని నేను ఎవర్నీ అడగను.”

మర్నాడు పొద్దున పదింటికి, కూతుర్ని వేరే వాల్వు మీదికి పంపి, ఒక్కడే మిల్లుగోడ సందుకు వెళ్ళాడు. ఏం రాయాలో ఆయనకు తెలుసు. పిల్ల బతుకు కోసం ఒక్క కాగితం, అంతే అనుకున్నాడు. అయినా అబద్ధం రాయడానికి కూడా ఒకసారి కడ్డీ ఆనించాలి, అది పని మర్యాద. మొదటి చోట, మూడు పైపుల మీద, గురక వినిపించింది. రెండో చోట మట్టి. మూడో చోట మట్టి. నాలుగో చోట గోడ అవతల ఏదో ఎలుక పరిగెత్తిన చప్పుడు, మళ్ళీ మట్టి.

ఐదో చోట నీళ్ళు వినిపించాయి.

ముందు తన నెత్తురే చెవిలో కొట్టుకుంటోందనుకున్నాడు. చెవి మార్చాడు. నిండుగా, ఒత్తిడితో, కడుపు నిండిన గురక. కడ్డీని ఒక అడుగు ఎడమకు జరిపాడు, మట్టి. కుడికి జరిపాడు, మట్టి. నడిమికి తెస్తే పారుతోంది. ఆరో చోట, ఏడో చోట, తొమ్మిదో చోట దాకా పారుతోంది. వెనక్కి వచ్చి రెండో చోట విన్నాడు. ఇందాక మట్టిగా ఉన్నదీ ఇప్పుడు పారుతోంది.

ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పాపం, బామ్మర్దిని అనవసరంగా అనుమానించాననుకున్నాడు. ఎప్పుడో జనం చూడనప్పుడు వేసేసి ఉంటారు. మిల్లుగోడకు ఆనుకుని అక్కడికక్కడే కాగితం రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత తేలికైన మనసుతో రాసిన కాగితం ఇంకొకటి లేదు.

బిల్లు పాసైంది. సందుకు నీళ్ళు రాలేదు.

సందు మొదట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. ఆమె నోటికి ఆఫీసంతా భయపడేది. దారిలో ఆపి, నువ్వు విన్నావటగా మామా, మరి మా కుళాయి ఎందుకు మూగనోము పట్టిందని అడిగింది. ఒత్తిడి తక్కువగా ఉందేమో, రెండు రోజులు చూడమన్నాడు. రెండు రోజులు రెండు వారాలయ్యాయి.

అంతలో బామ్మర్ది తోటలో వాల్వు బిగుసుకుపోయిందని పిలిపించారు. ఊరి చివర కొత్త తోట. చుట్టూ కంచె. కంచెకు నిలబెట్టిన స్తంభాలు మునిసిపాలిటీ నీలం చార ఉన్న పైపులు. చెవిమామ వాల్వు సంగతి మరిచి కంచె చుట్టూ నడుస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అరవై ఒకటి. సందులో ఉన్నవి ఆరు. బామ్మర్ది ఒక్క పైపు కూడా పోగొట్టలేదు.

వరండాలో కూర్చుని చూస్తున్న బామ్మర్ది నవ్వాడు. “ఏం మామా, లెక్క సరిపోయిందా?”

తోటలోంచి ఆయన తిన్నగా సందుకు వెళ్ళాడు. ఐదో చోట కడ్డీ ఆనించాడు. నీళ్ళు పారుతున్నాయి.

సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఏమీ చెప్పకుండా కడ్డీ చేతికిచ్చాడు. ఆమె తొమ్మిది చోట్లా విని, మొదటి చోట తప్ప ఎక్కడా ఏమీ లేదంది. ఐదో చోట మళ్ళీ వినమన్నాడు. విన్నది. మట్టి, అంది. కడ్డీ కదపకుండా గిన్నెకు తన చెవి పెట్టాడు. ఆమె చెవి వేడి ఇంకా చెక్కకు ఉంది. లోపల నిండు గురక. ఆయన లేచి నిలబడ్డాక ఆమె ఆయన మొహం చూసి చెయ్యి పట్టుకుంది. ఇంటికి వెళ్ళేదాకా వదల్లేదు.

ఆ లైను పొడవు కొలిచి రాసింది టేపు గుమాస్తా. నెలరోజులుగా సెలవులో ఉన్నాడు. చెవిమామ వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమాస్తా మంచం అంచు వెంబడి జానలు వేస్తున్నాడు. టేపు దాచేశానని, దాచిన దగ్గర్నుంచి చేత్తో కొలుస్తున్నారని భార్య వాపోయింది. చెవిమామ మెల్లగా, ఆ సందు సంగతి అడిగాడు. గుమాస్తా పిచ్చివాడిలా మాట్లాడలేదు. ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“నేను కళ్ళు మూసుకుని రాశాననుకుంటున్నావా మామా? కొలిచాను. ఆ మూడు పైపుల మీద టేపు పెట్టి కొలిచాను. నాలుగు వందల గజాలు వచ్చింది.”

“తర్వాత?”

“తర్వాత ఏది కొలిచినా అంతే వస్తోంది. ఈ మంచం నాలుగు వందలు. మా గుమ్మం నుంచి వీధి దాకా నాలుగు వందలు. నువ్వు వెళ్ళేప్పుడు చూసుకో.”

చెవిమామ లేచి బయల్దేరాడు. ఆ గుమ్మానికి, వీధికి మధ్య పది అడుగులకు మించి లేదు. వీధిలోకి వచ్చేసరికి ఆయనకు ఆయాసం వచ్చి, ఒళ్ళు చెమట పట్టి, పొద్దు కాస్త వాలి ఉంది.

ఆ తర్వాత చప్పుడు సందులో ఆగలేదు. ఇంటి గోడలో వినిపించింది. దిండులో వినిపించింది. మాట్లాడుతున్న మనిషి మాటకూ మాటకూ మధ్య వినిపించింది. బజారు వీధిలో నిజంగానే పైపు పగిలితే, ఈ గురకలో ఆ బుస ఆయనకు అందలేదు. నాలుగు చోట్ల తవ్వించాడు, నాలుగూ ఎండిన గోతులే. కూలీలు మొహాలు తిప్పుకుని నవ్వారు. కూతురు వచ్చి కడ్డీ తీసుకుని, ఐదో గోతికి సరైన చోటు చూపించింది.

మిల్లుగోడ సందులో ఇంకో వింత మొదలైంది. చెవిమామ విన్నాడంటే నీళ్ళు ఉండే ఉంటాయి కదా అని ఒకరు కుళాయికి చెవి ఆనించారు. వస్తున్నట్టే ఉంది అన్నారు. పక్కింటివాళ్ళు విన్నారు. వాళ్ళకూ అలాగే అనిపించింది. వారం తిరిగేసరికి, ఆయన సందులోకి వెళితే, మిట్టమధ్యాహ్నం అరవై మూడు కుళాయిలూ తెరిచి ఉన్నాయి. ప్రతి కుళాయి కిందా ఖాళీ బిందె, ప్రతి కుళాయికీ ఒక చెవి. ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన అడుగుల చప్పుడుకు ఒక ముసలాయన చిరాగ్గా వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. అన్న ఒకరోజు వచ్చి, ఒక కుళాయికి తన చెవి కూడా ఆనించి, “వస్తోంది కదూ?” అన్నాడట. “వస్తోందన్నా” అన్నారట అందరూ. ఫిర్యాదులు ఆగిపోయాయి. బట్టలు కుట్టే ఆవిడ ఒక్కతే రెండు వీధులవతల నుంచి నీళ్ళు మోసుకుంటూ, వీళ్ళ చెవుల్లో ఎవరో తోటలే వేశారు, పువ్వు చాల్లేదు అని తిట్టేది.

చెవిమామ ఇక తట్టుకోలేకపోయాడు. ఒక ఉదయం గడ్డపలుగు తెచ్చి, సందు మొత్తం చూస్తుండగా ఐదో చోట తనే తవ్వాడు. నాలుగడుగులు దిగాడు. ఎండు మట్టి. ఇంకో అడుగు దిగాడు. పొడి రాయి. గోతిలో మోకరిల్లి, కడ్డీ లేకుండా, వట్టి చెవి వట్టి మట్టికి ఆనించాడు. పారుతోంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. లేచి, మట్టి మొహంతో పైకి చూసి, “ఇక్కడ పైపు లేదు” అన్నాడు. తన చెవి చెప్పింది కాదని ఒక మాట అనడం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. నిజం చెప్పడానికి అలా అబద్ధమాడాల్సి వచ్చింది.

అన్న వచ్చాడు. గోతిలోకి తొంగిచూశాడు. కోపగించుకోలేదు. నెత్తిన చెయ్యి పెట్టుకుని, ప్రజల పైపు దొంగలెత్తుకుపోయారే అని అంగలార్చాడు. ఫలానా తేదీన తొమ్మిది చోట్లా నీళ్ళు పారాయని వినికిడి కాగితం ఉంది. ఇవాళ లేదు. మధ్యలో ఏం జరిగినట్టు? ఇంజనీరు తలూపాడు. దొంగతనం రుజువు కావాలంటే ఇంకో వినికిడి కాగితం కావాలి. చెవిమామ పెద్దవాడైపోయాడు, బజారులో నాలుగు గోతులు తవ్వించాడు. అందుకని ఆ మధ్యాహ్నమే కూతురికి ఉద్యోగపు ఉత్తర్వు ఇచ్చి, మర్నాడు పొద్దున సందుకు పంపారు.

ఆమె విన్నది. మొదటి చోట తప్ప ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదని రాసింది. అక్షరం అబద్ధం లేదు. ఆ కాగితంతో దొంగతనం ఖాయమైంది. పోయిన పైపుల బదులు కొత్త లైను మంజూరైంది. పని బామ్మర్దికి.

చెవిమామ తన తప్పంతా ఒక కాగితం మీద రాసుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఇంజనీరు చెడ్డవాడు కాదు. తలుపు వేసి, కుర్చీ వేసి, కాగితం రెండుసార్లు చదివి, ఒక్క ప్రశ్న వేశాడు.

“ఆ రోజు నీకు వినిపించిందా, లేదా?”

చెవిమామ ఇంజనీరు చేతిలోని కాగితం వైపు చూశాడు. “వినిపించింది సార్.”

“మరి ఇందులో అబద్ధమేముంది?” అని కాగితం మడిచి ఆయన జేబులోనే పెట్టాడు. తలుపు తీస్తూ, గొంతు తగ్గించి, “నాకూ అప్పుడప్పుడు కనిపిస్తుందయ్యా, ఆ లైను” అన్నాడు.

కొత్త కందకం తవ్వారు. ఈ చివర మూడు పైపులు, ఆ చివర మూడు. పూడ్చేశారు. వినికిడి కాగితం రాయమని కూతురికి చెప్పారు. ముందురోజు సాయంత్రం ఆమె తండ్రి పక్కన గడప మీద కూర్చుని, “ఎలా ఉంటుంది నాన్నా, నీకు వినిపించేది?” అని అడిగింది. నీళ్ళ చప్పుళ్ళన్నీ తనే నేర్పిన పిల్ల.  చెబితే ఆమెకు గుర్తుపట్టడం వచ్చేస్తుందని ఆయనకు భయమేసింది.

“అడక్కమ్మా. విననే వినొద్దు. ముందు తవ్వించు.”

“ఉద్యోగం పోతుంది.”

“పోనీ.”

మర్నాడు ఆమె కడ్డీని గోడకు ఆనించి పెట్టి, తొమ్మిది చోట్లా తవ్వి పైపు చూపిస్తేనే వింటానంది. అదే కాగితం మీద రాసిచ్చింది. నియమంలో వినమని ఉంది, చూడమని లేదన్నాడు ఇంజనీరు. అది కూడా ఆమె లెక్కచెయ్యలేదు గానీ, తవ్వడానికి ఆమె తెచ్చిన కూలీలకు సందు జనం అడ్డం వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి, పూడ్చిన మట్టి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా నిలబడ్డారు. అరిచింది ఎవరూ లేరు. ఇప్పుడిప్పుడే వస్తున్న నీళ్ళమ్మా, తవ్వి పగలగొట్టకు అని బతిమాలారు. వాళ్ళ మధ్యలో బట్టలు కుట్టే ఆవిడ కూడా ఉంది. కూతురి వెంట వచ్చిన చెవిమామ ఆమెను గుర్తుపట్టి, నువ్వు కూడానా అమ్మా అన్నాడు.

“నిన్నటి నుంచి నాకూ వినిపిస్తోంది మామా” అందామె, నేల చూస్తూ.

ఉత్తర్వు రద్దయింది. తాత్కాలికపు పనీ పోయింది. కడ్డీ అన్న కారు నడిపే డ్రైవరుకిచ్చారు. గిన్నె ఏ కొసనుంటుందో తెలియని ఆ మనిషి మొదటిరోజే తొమ్మిది చోట్లా నీళ్ళు విన్నాడట.

కూతురు ఇప్పుడు బోర్లు వేసేవాళ్ళ దగ్గర పని చేస్తోంది. అక్కడ ముందు తవ్వుతారు, తర్వాత మాట్లాడతారు. చెవిమామ రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. చప్పుడు ఆగలేదు. ఏది నిజమో ఆయనకు తెలియదు కాబట్టి, పిల్ల పని నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇది ఉందా అని అడుగుతాడు. ఆమె తల వంచి వింటుంది. “ఉంది నాన్నా, వంటింట్లో కుళాయి” అని లేచి కట్టేస్తుంది. లేకపోతే “లేదు నాన్నా, నీదే” అంటుంది. ఆమె లేదంటే ఆయనకు ప్రాణం కుదుటపడుతుంది. ఊళ్ళో ఒక్క చెవైనా మిగిలింది అనుకుంటాడు.

ఈమధ్య మాత్రం, లేదని చెప్పడానికి ఆమెకు కొంచెం ఎక్కువసేపు పడుతోంది.